నిద్ర నేర్చిన యంత్రాలు: బాయికాడి స్టార్టరు నుంచి డివైస్ డ్రైవర్ దాకా

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కరెంటుకు పుట్టిల్లు లాంటివి. బెల్లంపల్లి ప్రాంతంలో 1920ల చివర్లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం 1971లో వచ్చింది. అదే రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రానికి 1978 నవంబరులో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. 2004లో ఏడో యూనిట్ కూడా చేరి మొత్తం సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. గోదావరికి అవతల జైపూర్ దగ్గర సింగరేణి సంస్థే 2016లో 1200 మెగావాట్ల కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. ఇక కరెంటు పంచే పని చూస్తే, దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి సిరిసిల్లది. 1970 నుంచి ఇవాళ్టికీ అది ఆ ప్రాంతానికి కరెంటు ఇస్తూనే ఉంది.

కరెంటును పుట్టించడం గురించి, పంచడం గురించి మనవాళ్ళు చాలానే రాశారు. అక్కర లేనప్పుడు దాన్ని వాడకుండా ఉండడం గురించి రాసింది తక్కువ. స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, నాకు బాగా తెలిసిన చరిత్ర అదే కదా అనిపించింది. నేను వృత్తిరీత్యా కంప్యూటర్ పరికరాలకు డివైస్ డ్రైవర్లు రాసే ఇంజినీరును. కంప్యూటర్లు, ఫోన్లు పని లేనప్పుడు నిద్రపోవడం ఎట్లా నేర్చుకున్నాయో ఈ వ్యాసంలో చెబుతాను. ఆ చరిత్రకు మన పొలాల దగ్గరి మోటర్ల చరిత్ర అడుగడుగునా తోడు వస్తుంది. ఆ పోలిక నేను కావాలని తెచ్చిపెట్టింది కాదు, రెండు చోట్లా ఉన్నది ఒకే చిక్కు.

ముందు రెండు మాటలకు అర్థం చెప్పాలి. కంప్యూటర్‌లోని పరికరాలన్నిటినీ, వాటిని వాడుకునే ప్రోగ్రాములన్నిటినీ సమన్వయం చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అట్లాంటివి. చెరువు కింద ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే నీరటి పని వంటిది దాని పని. కానీ లోపల డిస్కు ఉంటుంది, తెర ఉంటుంది, వైఫై చిప్ ఉంటుంది, కెమెరా ఉంటుంది. ఒక్కోదాని తీరు ఒక్కో రకం. ఆ ఒక్కొక్క పరికరం గుట్టు తెలిసి, దానితో మాట్లాడే చిన్న ప్రోగ్రామే డివైస్ డ్రైవర్. నీరటికి ఊరంతా తెలుసు. ఫలానా మడికి ఎంత తడి చాలో మాత్రం ఆ మడి చేసుకునే రైతుకే తెలుసు. డ్రైవర్ ఆ రైతు లాంటిది.

స్టార్టరులో దాగిన పాఠం

బాయి దగ్గర మోటరుకు పెట్టే స్టార్టరును చాలామంది చూసే ఉంటారు. పచ్చ మీట నొక్కితే మోటరు తిరుగుతుంది, ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. దాని లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతంలా పనిచేసి కాంటాక్టులను పట్టుకొని ఉంచుతుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది. మళ్ళీ కరెంటు వచ్చినా మోటరు తనంతట తాను తిరగదు, మనిషి వచ్చి పచ్చ మీట నొక్కాలి. ఇది స్టార్టరులోని లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. కరెంటు రావడం వేరు, మోటరు నడవాల్సిన అవసరం ఉండడం వేరు అని ఆ చిన్న పెట్టెకు తెలుసు.

తర్వాత ఆటో స్టార్టర్ వచ్చింది. మూడు ఫేజులూ వచ్చాయని చూసుకొని, కొన్ని సెకన్లు ఆగి, మనిషి బదులు అదే మీట నొక్కేస్తుంది. రైతు దాన్ని ఎందుకు పెట్టుకున్నాడో అర్థం చేసుకోవాలి. 2004లో ఉచిత విద్యుత్తు మొదలైన తర్వాత చాలా ఏళ్ళు వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు రోజుకు ఏడు గంటలు అన్న లెక్కన ఉండేది. ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి, తరచూ రెండు విడతలుగా, పగలు కొంత రాత్రి కొంత ఇచ్చేవారు. చెప్పిన సమయానికి వస్తుందన్న భరోసా లేదు. అర్ధరాత్రి టార్చి పట్టుకొని పొలం గట్ల మీద నడిచి వెళ్ళి పాము కాటుకో, తడి స్టార్టరు షాకుకో ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు ఆ కాలపు పత్రికల్లో మామూలే. కాబట్టి ఆటో స్టార్టర్ రైతు బద్ధకం వల్ల వచ్చింది కాదు. నమ్మకం లేని సరఫరాకు అతను వెతుక్కున్న ఉపాయం అది.

ఆ ఉపాయానికి అయ్యే ఖర్చు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. చిన్న లెక్క వేసి చూద్దాం. అయిదు హార్స్‌పవర్ మోటరు నడుస్తున్నప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నిలిచి ఉన్న మోటరు తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది క్షణాల్లో దానికి ఆరింతలు, అంటే 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు ఇవ్వగలిగింది 133 ఆంపియర్లు. దాని కింద 15 మోటర్లు ఉన్నాయనుకోండి. అన్నీ నడుస్తుంటే 112 ఆంపియర్లే కాబట్టి ఇబ్బంది లేదు. ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మీట నొక్కితే మాత్రం 675 ఆంపియర్లు. ఓల్టేజి పడిపోతుంది, మోటర్లు వేగం అందుకోలేక ఇంకా ఎక్కువసేపు గుంజుతాయి, ఫ్యూజు పోతుంది. ఇదే రోజూ జరిగితే ఒకనాటికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అప్పుడు 15 మందికీ నీళ్ళుండవు.

దీనిలో మూడు సంగతులున్నాయి. ఎప్పుడు ఆగాలో తెలియాలి. ఎప్పుడు, ఏ వరుసలో లేవాలో తెలియాలి. మళ్ళీ లేవగలనన్న నమ్మకం ఉంటే తప్ప ఎవరూ ఆగడానికి ఒప్పుకోరు. కంప్యూటర్ల చరిత్రలో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటిగా ఎదురయ్యాయి.

నిద్ర తెలియని రోజులు

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి నిద్ర అనే ఊహే లేదు. డాస్ తెర మీద మనం ఏదైనా టైపు చేస్తామని ఎదురుచూస్తున్నప్పుడు కూడా ప్రాసెసర్ ఊరికే ఉండేది కాదు. "మీట నొక్కారా, నొక్కారా" అని అదే ప్రశ్న లక్షలసార్లు వేసుకుంటూ పూర్తి వేగంతో తిరిగేది. పని లేనప్పుడు ఆగిపొమ్మని చెప్పే 'హాల్ట్' అనే ఆదేశం ప్రాసెసర్‌లో మొదటి నుంచీ ఉంది. దాన్ని వాడుకున్న వ్యవస్థలే తక్కువ. విండోస్ 95 సైతం దాన్ని వాడుకోలేదు. అది వాడేలా చేయడానికి విడిగా చిన్న ప్రోగ్రాములు తెచ్చి పెట్టుకునేవారు.

దీని విలువను మన ప్రాంతపు కొలతలో చెప్పుకుందాం. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. 100 వాట్లు తీసుకునే కంప్యూటర్‌ను సాయంత్రం ఆరు నుంచి పొద్దున తొమ్మిది దాకా ఊరికే వదిలేస్తే ఒకటిన్నర యూనిట్ అవుతుంది. అంటే కిలోకు పైగా బొగ్గు. ఎవరూ కూర్చోని కుర్చీ ముందు వెలుగుతున్న తెర కోసం ఒక కార్మికుడు భూమి లోపల నుంచి తవ్వి తీసిన కిలో బొగ్గు అది.

అమెరికా పర్యావరణ సంస్థ 1992లో 'ఎనర్జీ స్టార్' ముద్రను మొదలుపెట్టినప్పుడు తొలుత తీసుకున్న వస్తువులు కంప్యూటర్లు, మానిటర్లే. అయితే మార్పుకు అంతకన్నా పెద్ద కారణం బ్యాటరీ. గోడ ప్లగ్గుకు తగిలించిన యంత్రం ఎంత తాగినా యజమానికి వెంటనే తెలియదు. ల్యాప్‌టాప్ రెండు గంటల్లో ఆరిపోతే తెలుస్తుంది. వనరు ఎంత మిగిలిందో కళ్ళకు కనబడినప్పుడే పొదుపు మొదలవుతుంది. బాయిలో నీటిమట్టం కంటికి కనబడుతుంది, బోరులో కనబడదు. ఆ తేడా మనకు తెలియంది కాదు.

పెత్తనం ఎవరిది?

ఇంటెల్ 1990లో ల్యాప్‌టాప్‌ల కోసం 386 ఎస్‌ఎల్ అనే ప్రాసెసర్‌ను తెచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే కొద్దిసేపు అధికారం తీసుకొని పరికరాలను ఆపే ఏర్పాటు దానిలో ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే ఒప్పందాన్ని ప్రకటించాయి. అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్ అని దాని పూర్తి పేరు. మదర్‌బోర్డులోని చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రాముకు ఇందులో పెత్తనం దక్కింది. ఇన్ని నిమిషాలు మీట నొక్కలేదు కాబట్టి తెర ఆపు, ఇంతసేపు డిస్కు కదల్లేదు కాబట్టి డిస్కు ఆపు అని బయోస్ గడియారం చూసి తేల్చేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు చేసే పద్ధతి కొంత ఉన్నా, పరికరాల గురించి బయోస్‌కు తెలిసిందే వేదం.

చిక్కు అక్కడే వచ్చింది. మీట నొక్కకపోయినా లోపల పెద్ద లెక్క నడుస్తూ ఉండవచ్చు. ఎవరో నెట్‌వర్క్ మీదుగా ఫైలు తీసుకుంటూ ఉండవచ్చు. తర్వాత తగిలించిన కార్డు గురించి బయోస్‌కు అసలు తెలియకనే పోవచ్చు. పైగా ఒక్కో కంపెనీ బయోస్‌ది ఒక్కో తీరు. ఊళ్ళోకి రాకుండా, గడియారం చూసి తూము మూసే అధికారి పెత్తనం ఎట్లుంటుందో అట్లుండేది.

అందుకని 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని విడుదల చేశాయి. నిర్ణయం ఇకమీద బయోస్‌ది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది అన్నది దాని మూలసూత్రం. ఏయే పరికరాలున్నాయో, వాటిని ఎట్లా ఆపాలో, ఎట్లా లేపాలో చెప్పే పట్టికలు ఇవ్వడమే బయోస్ పని. యంత్రం మొత్తానికి ఎస్-0 నుంచి ఎస్-5 దాకా స్థితులు పెట్టారు. ఎస్-0 అంటే మెలకువ. ఎస్-3 అంటే మెమరీకి మాత్రం కరెంటు ఉంచి మిగతాదంతా ఆపడం. ఎస్-4 అంటే మెమరీలో ఉన్నదంతా డిస్కులో రాసిపెట్టి పూర్తిగా ఆగడం. ఎస్-5 అంటే ఆరిపోవడం. ఒక్కో పరికరానికి విడిగా డీ-0 నుంచి డీ-3 దాకా నాలుగు మెట్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ మూత వేయగానే నిద్రపోయి, తెరవగానే వదిలిన చోటనే లేవడం వెనుక ఉన్నవి ఈ మెట్లే.

విండోస్ 98, ఆ తర్వాత 2000లో వచ్చిన విండోస్ 2000 ఈ పద్ధతిని అందుకున్నాయి. డ్రైవర్లు రాసేవారికి అప్పటి నుంచి కొత్త బాధ్యత వచ్చిపడింది. అంతకుముందు పరికరాన్ని పని చేయించడం వస్తే చాలు. ఇప్పుడు దాన్ని నిద్రపుచ్చడం, లేపడం కూడా రావాలి.

వరుస తెలియాలి

పరికరాన్ని నిద్రపుచ్చడం అంటే స్విచ్ ఆపడమే కదా అనుకోవచ్చు. డిస్కు డ్రైవర్ ఏం చేయాలో చూడండి. కొత్త పనులు తీసుకోవడం ఆపాలి. చేతిలో ఉన్న పని పూర్తి చేయాలి. తాత్కాలికంగా దాచిన సమాచారాన్ని డిస్కు మీద రాయించాలి. పరికరం లోపలి అమరికలను మెమరీలో గుర్తు పెట్టుకోవాలి. తర్వాతనే కరెంటు తగ్గించాలి. లేచేటప్పుడు ఇవన్నీ వెనుక నుంచి ముందుకు చేయాలి. ఒక్క మెట్టు తప్పితే రాసిన ఉత్తరమో, చేసిన లెక్కో పోతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు పరికరాల మధ్య సంబంధం. కీబోర్డు యూఎస్‌బీ హబ్‌కు, హబ్ కంట్రోలర్‌కు, కంట్రోలర్ ప్రధాన బస్సుకు తగిలి ఉంటాయి. కంట్రోలర్‌ను ముందు నిద్రపుచ్చితే కీబోర్డుకు "నువ్వూ పడుకో" అని చెప్పే దారే ఉండదు. పిల్లకాలువలు మూసిన తర్వాతనే పెద్దకాలువ మూయాలి, తెరిచేటప్పుడు పెద్దకాలువ ముందు తెరవాలి. అంటే ఏది దేని కింద ఉందో తెలిపే వంశవృక్షం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉండాలి.

లినక్స్‌లో ఈ వృక్షం మొదట్లో లేదు. ప్రతి డ్రైవరూ తన లోకంలో తాను ఉండేది. 2000ల ఆరంభంలో పాట్రిక్ మోచెల్ అనే ఇంజినీరు చొరవతో పరికరాలన్నిటినీ ఒకే చెట్టుగా అమర్చే 'డ్రైవర్ మోడల్' తయారైంది. 2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6తో అది అందరికీ అందింది. ఇవాళ ఆ చెట్టును నూరు రకాల పనులకు వాడుతున్నారు. దాన్ని నాటడానికి మొదటి కారణాల్లో ముఖ్యమైంది మాత్రం పరికరాలను సరైన వరుసలో నిద్రపుచ్చడమే.

లేవడంలోని వరుస ఇంకో రకంగా కూడా ముఖ్యం. పదుల కొద్దీ డిస్కులున్న సర్వర్‌లో అన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెడితే విద్యుత్ సరఫరా కుంగిపోతుంది. ఎందుకంటే డిస్కు మోటరు కూడా మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకని ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో కొద్ది వ్యవధి ఇస్తూ వాటిని తిప్పుతారు. ట్రాన్స్‌ఫార్మర్ లెక్కే ఇది, కొలత ఒక్కటే మారింది. ఇదే లెక్కను ఇంకో చివర నుంచి చూడాలంటే రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గరి గాయత్రి పంపుహౌస్ ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతలలో భాగంగా 2019లో నడిచిన ఆ భూగర్భ పంపుహౌస్‌లో ఒక్కో మోటరు 139 మెగావాట్లు. అంటే మన బాయిల దగ్గరి అయిదు హార్స్‌పవర్ మోటర్లు సుమారు 37 వేలు కలిస్తే ఒక్కటి. అట్లాంటి వాటిని ఏడింటినీ ఎవరికీ చెప్పకుండా ఒకేసారి లేపడం ఊహించగలమా? గ్రిడ్ నడిపేవారికి ముందుగా చెప్పి, ఒకదాని తర్వాత ఒకటిగానే నడపాలి. పెద్ద మోటరుకు మనం పాటించే మర్యాదను 15 చిన్న మోటర్లు కలిసినప్పుడు మరిచిపోతాం.

చివరివాడు తలుపు వేయాలి

యంత్రం మొత్తం నిద్రపోవడం ఒక ఎత్తు. యంత్రం మేలుకొని ఉండగానే, వాడని పరికరాలు మాత్రం నిద్రపోవడం ఇంకో ఎత్తు. మీరు పాట వింటున్నప్పుడు కెమెరాకు కరెంటు ఎందుకు?

2007లో రెండు మంచి మార్పులు వచ్చాయి. అప్పటిదాకా లినక్స్‌లో పని ఉన్నా లేకున్నా గడియారం సెకనుకు వందల సార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపేది. 2.6 తొలినాళ్ళలో మన పీసీల మీద అది సెకనుకు 1000 సార్లు. 2.6.21 వెర్షన్‌తో, పని లేనప్పుడు ఆ తట్టడం మానే ఏర్పాటు వచ్చింది. అదే ఏడాది ఇంటెల్ ఇంజినీర్లు 'పవర్‌టాప్' అనే పనిముట్టును విడుదల చేశారు. ప్రాసెసర్‌ను ఎవరెవరు ఎన్నిసార్లు లేపుతున్నారో పేరుపేరునా పట్టిక వేసి చూపడమే దాని పని. ఏ పనీ లేకుండానే సెకనుకు పదులసార్లు లేపుతున్న ప్రోగ్రాములు బయటపడ్డాయి. పేరు పట్టికలో కనబడేసరికి వాటిని రాసినవారు చాలామంది తామే సరిదిద్దుకున్నారు. ఎవరినీ శిక్షించలేదు, లెక్క చూపారు, అంతే.

2009 డిసెంబరులో లినక్స్ 2.6.32తో 'రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్' వచ్చింది. పోలండ్‌కు చెందిన రఫాయెల్ వైసోకీ, అమెరికాకు చెందిన అలన్ స్టెర్న్ దీనికి ప్రధాన నిర్మాతలు. సూత్రం బహు చిన్నది. ప్రతి పరికరానికీ ఒక లెక్క ఉంటుంది. ఎవరైనా వాడుకోబోతే లెక్కకు ఒకటి కలుపుతారు. పని అయిపోగానే ఒకటి తీసేస్తారు. లెక్క సున్నాకు వస్తే, ఆఖరివాడు కూడా వెళ్ళిపోయాడన్నమాట, ఇక పడుకోవచ్చు. వెంటనే మళ్ళీ ఎవరైనా వస్తారేమోనని కొద్దిసేపు ఆగి పడుకునే వెసులుబాటు కూడా తర్వాత చేర్చారు. బయోస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చిన నిర్ణయం ఇప్పుడు ఇంకో మెట్టు దిగి, ఆ పరికరం గుట్టు తెలిసిన డ్రైవర్ దగ్గరికి చేరింది.

అయినా అన్నీ సాఫీగా సాగలేదు. యూఎస్‌బీ పరికరాల విషయంలో 2007 ప్రాంతంలోనే ఈ ప్రయత్నం జరిగింది. పడుకోమంటే పడుకొని, తిరిగి లేవమంటే లేవని పరికరాలు బయటపడ్డాయి. కొన్ని లేచినా తమ అమరికలు మరిచిపోయేవి. దాంతో హబ్‌లకు తప్ప ఎక్కువ పరికరాలకు ఆ సదుపాయాన్ని మొదట ఆపి ఉంచవలసి వచ్చింది. ఇప్పటికీ అట్లాంటి పరికరాల జాబితా లినక్స్‌లో ఉంది. లేస్తుందన్న నమ్మకం లేని పరికరాన్ని ఏ డ్రైవరూ పడుకోనివ్వదు. కరెంటు వృథా అయినా సరే, మెలకువగానే ఉంచుతుంది. మా వృత్తిలో కరెంటు వృథాలో ఎక్కువ భాగం తెలియనితనం వల్ల కాదు, ఈ అపనమ్మకం వల్లనే జరుగుతుంది.

ఫోన్లలోని ఆటో స్టార్టర్

ఆండ్రాయిడ్ ఫోన్లు 2008లో వచ్చాయి. వాటి పద్ధతి అప్పటిదాకా ఉన్నదానికి తలకిందులు. పీసీ మామూలుగా మేలుకొని ఉంటుంది, చెబితే పడుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోను వీలు దొరికితే చాలు పడుకుంటుంది. నాకు పని ఉంది, పడుకోవద్దు అనుకునే ప్రోగ్రాము 'వేక్ లాక్' అనే గొళ్ళెం పెట్టాలి, పని కాగానే తీసేయాలి. గొళ్ళెం తీయడం మరిచిన ఒక్క ప్రోగ్రాము వల్ల తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

గూగుల్ ఇంజినీర్లు దీన్ని 2009లో లినక్స్ ప్రధాన స్రవంతిలో చేర్చమని పంపారు. 2010 వేసవిలో దీని మీద జరిగిన వాదం మా వృత్తిలో పేరుపొందింది. ప్రతి ప్రోగ్రామునూ సరిగా రాస్తే గొళ్ళాలెందుకు అన్నది ఒక వాదన. కోట్లమంది ఏ ప్రోగ్రామునైనా ఎక్కించుకునే ఫోనులో అందరూ సరిగా రాస్తారని నమ్మలేం అన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. ఫోను నిద్రలోకి జారుతున్న ఆ క్షణంలోనే కాల్ వస్తే దాన్ని పోగొట్టుకోకూడదు అన్నది అసలు చిక్కుముడి అని ఆ వాదంలో తేలింది. వైసోకీ మధ్యేమార్గం చూపారు. లేపే సంఘటనలను లెక్కపెట్టి, ఈ మధ్యలో కొత్తది ఏదీ రాలేదని తేలితేనే నిద్రపోవాలన్న పద్ధతి అది. ఆ పద్ధతి 2010లోనే లినక్స్‌లో చేరింది. ఆండ్రాయిడ్ కోరిన తరహా నిద్ర 2012లో లినక్స్ 3.5తో వచ్చింది. ఏ సంఘటనా పోదు అన్న హామీ కుదిరిన తర్వాతనే రెండు పక్షాలూ దగ్గరయ్యాయి.

గొళ్ళెం పెట్టి వదలని ప్రోగ్రాముకూ, ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి వెళ్ళిన రైతుకూ ఉన్న పోలిక ఇప్పుడు వివరించనక్కర లేదు. ఇద్దరిదీ దురాశ కాదు. మళ్ళీ అవకాశం వస్తుందో రాదో అన్న భయం.

భయం పోయినా అలవాటు పోదు

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ సమయంలో ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు రైతులను పదేపదే కోరింది ఒక్కటే: ఆటో స్టార్టర్లు తీసేయండి. కారణం సులువుగానే అర్థమవుతుంది. కరెంటు ఏడు గంటలే ఉన్నప్పుడు ఆటో స్టార్టర్ ఏడు గంటలే నీళ్ళు తోడుతుంది. 24 గంటలూ ఉంటే అడ్డూ ఆపూ లేకుండా తోడుతుంది. పొలానికి అక్కర లేకున్నా తోడుతుంది, బోరు ఎండిపోయినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. భూగర్భ జలాలు పడిపోతాయన్న భయంతో ఇన్ని గంటలు వద్దు, తగ్గించండి అని అడిగిన రైతులు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. ఎక్కువ కరెంటు వద్దని రైతే అడగడం వింతగా కనబడవచ్చు. ఒకే భూగర్భ జలాన్ని పంచుకునే పది బోర్లలో తొమ్మిది ఆగకపోతే పదోవాడు ఆగి లాభం లేదని ఆ రైతుకు బాగా తెలుసు.

చాలామంది తీసేశారు. కొందరు తీయలేదు. పదేళ్ళకు పైగా మోసం చేసిన సరఫరా ఒక్క రాత్రిలో బాగుపడిందని నమ్మడం ఎవరికైనా కష్టమే. మా డ్రైవర్లలోనూ ఇంతే. ఎప్పుడో లేవని ఒక పరికరం కోసం పెట్టిన "పడుకోనివ్వవద్దు" అన్న గుర్తు, ఆ పరికరం కొత్త రకం వచ్చాక కూడా ఏళ్ళ తరబడి అట్లనే ఉంటుంది. తీసేస్తే ఏమవుతుందోనని ఎవరూ దాన్ని ముట్టుకోరు.

ఈ ముప్పై ఏళ్ళ చరిత్ర నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. పొదుపును పై నుంచి ఆదేశంతో సాధించడం ఏపీఎం కాలంలో కుదరలేదు. పరికరాల వంశవృక్షం ఏర్పడ్డాక, లెక్క కళ్ళకు కనబడ్డాక, పరికరం గుట్టు తెలిసినవారి చేతికి నిర్ణయం వచ్చాక, అన్నిటికన్నా ముఖ్యంగా మళ్ళీ లేస్తామన్న హామీ నిలబడ్డాక కుదిరింది. పొలాల దగ్గర ఇందులో ఒక్క అంశమే మనం సాధించాం, అది సరఫరా. మిగిలినవి ఇంకా చేయాల్సే ఉంది. ఏ బోరు ఎంత తోడుతోందో, ఊరి కింద నీళ్ళు ఎంత లోతుకు పోయాయో రైతుకు కనబడేట్టు చేయడం వాటిలో మొదటిది. తడి ఆరితేనే, నీళ్ళుంటేనే, పక్క మోటర్లతో వంతు కుదుర్చుకొనే నడిచే స్టార్టరు రెండోది. ఇప్పటి చవకైన సెన్సర్లతో అది కష్టమేమీ కాదు. వంతు అన్నది మన చెరువుల కింద నీరటి తరతరాలుగా నడిపిన పద్ధతే. ఎవరి బోరు వారికి వచ్చాక దాన్ని మనం వదిలేశాం. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కావలసినది కొత్త కరెంటు కాదు, ఊళ్ళో ఒకరి మీద ఒకరికి నమ్మకం.

మన బడి నుంచి వెళ్ళినవారిలో ఇంజినీర్లున్నారు, విద్యుత్ శాఖలో పనిచేసినవారున్నారు, వ్యవసాయం చేస్తున్నవారున్నారు, ఇప్పటికీ పాఠం చెబుతున్న గురువులున్నారు. ఈ నలుగురూ ఒకచోట కలిసే సందర్భాలు తక్కువ, పూర్వ విద్యార్థుల సంఘం అట్లాంటి ఒకటి. భౌతికశాస్త్రం చెప్పే గురువులకు నాదొక విన్నపం. విద్యుదయస్కాంతం పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఒక పాత స్టార్టరు విప్పి చూపండి. ఆ తీగచుట్ట కరెంటు పోగానే ఎందుకు వదిలేస్తుందో, వచ్చినా మళ్ళీ ఎందుకు పట్టుకోదో అడగండి. ఆ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పిన పిల్ల రేపు డివైస్ డ్రైవర్ రాసినా, పొలం చేసినా, రామగుండం కంట్రోల్ రూములో కూర్చున్నా ఆ పాఠం పనికొస్తుంది.